సవరణ: ఇంటెల్ జరిమానా సంగతి

డెల్ లాంటి కంప్యూటర్ కంపెనీలు ఏళ్ల తరబడి ఇంటెల్ చిప్‌లనే ఎందుకు అంటిపెట్టుకున్నాయో మొన్న రాస్తూ, తన చిప్‌లే కొంటే కొంత సొమ్ము వెనక్కిచ్చే రిబేట్లతో పోటీ కంపెనీ ఏఎండీని అడ్డుకుందని 2009లో యూరోపియన్ కమిషన్ వేసిన 106 కోట్ల యూరోల జరిమానాను ఇంటెల్ కట్టేసి ఊరుకుందన్నాను. తప్పు. కట్టింది గానీ కోర్టుకెక్కింది. 2022లో యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు ఆ జరిమానాను కొట్టేసింది; రిబేట్ల విషయంలో 2024లో పైకోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది.

అలాగని రిబేట్లు ఉత్తమాట కాదు. 2007 ఆర్థిక సంవత్సరం మొదటి త్రైమాసికంలో డెల్ నిర్వహణ లాభంలో 76 శాతానికి సమానమైన సొమ్ము ఇంటెల్ నుంచే వచ్చిందని అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఆరోపించింది. మా భీమవరం వైపు మేత డీలరు దగ్గర ఖాతా తెగని రొయ్యల రైతు, చెరువుగట్టు మీద వేరే కంపెనీ బస్తా దించగలడా?

ఇంటెల్‌ను వదలడం కష్టం కావడానికి ఇంకో కారణం, అసలు రాయనేలేదు: ఏఎండీ చిప్ ఇంటెల్ సాకెట్‌లో, అంటే చిప్‌ను బిగించే గూట్లో, కూర్చోదు. ఆ గూడుండే ప్రధాన బోర్డు, మదర్‌బోర్డే మార్చాలి.