పరీక్షలైపోతే బడి అయిపోయినట్టేనా?

హైదరాబాద్ ఉప్పల్‌లో మా పక్కింటి పిల్లాడు బడికి రాకపోతే తొమ్మిదిన్నరకల్లా వాళ్లమ్మ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఊళ్లో మా అక్క కూతురు పత్తి ఏరే రోజుల్లో వారాల తరబడి హైస్కూలుకి పోలేదు. ఎందుకు రావట్లేదమ్మా అని అడిగినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? సర్కారు బళ్లలో హాజరుకి ముఖం గుర్తుపట్టే యాప్ పెట్టారు. సిగ్నల్ లేక సార్ ఫోన్ పట్టుకుని వరండాలో తిరుగుతుంటే పాఠం ఎవరు చెప్పాలి? ఏడాది చివరి పరీక్షలు (ఎస్‌ఏ-2) అయ్యాక బెంచీలన్నీ ఖాళీ! 2025లో ఏప్రిల్ 23 దాకా బడి ఉందని మా అక్కకి తెలియనే తెలియదు. ప్రోగ్రెస్ కార్డులు ఎప్పుడిస్తారో కూడా కబురు లేదు. కూలి మానుకుని రావాల్సిన తల్లికి రెండు రోజుల ముందు ఒక్క ఫోన్ చేయలేరా? సెలవులయ్యాక బడి మళ్లీ ఏ రోజు తెరుస్తారో, కనీసం అదైనా ఇంటింటికీ చెప్పండి.