వేలిముద్ర వేశారు, సమ్మతి ఎక్కడ?

వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి తీసుకొచ్చిన పెద్దావిడ చెయ్యి పట్టుకుని, బొటనవేలు యంత్రం మీద నొక్కించి, 'అయిపోయిందమ్మా, ఇంటికెళ్దాం' అనడం మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ఎవరికీ వింతగా అనిపించడం లేదు. తానేం రాసిచ్చిందో ఆవిడకు తెలుసా అని అడిగే నాథుడు లేడు. అడగాల్సిన అధికారి తర్వాతి స్లాటు పిలుస్తున్నాడు. హైదరాబాద్ చుట్టూ గజం ధర పెరిగిన కొద్దీ, మతిమరుపు ముదిరిన తల్లిదండ్రుల చేత గిఫ్ట్ డీడ్లు (దాన పత్రాలు), జీపీఏలు (తమ తరఫున ఆస్తి వ్యవహారాలు నడిపే అధికారమిచ్చే పత్రాలు) రాయించుకునే తొందర కూడా పెరుగుతోంది. దీన్ని కుటుంబ వ్యవహారమని సర్దిచెప్పుకుంటే కుదరదు. మతి తప్పిన మనిషి వేలిని వాడుకోవడం ఇది. ఇంతకంటే మెత్తగా చెప్పడం మాకిష్టం లేదు.

ఇదే ఇంట్లో రెండేళ్ల కిందట ఏమన్నారు? అత్తయ్య అడిగిందే పదిసార్లు అడుగుతున్నారు, ఒకసారి డాక్టరుకు చూపిద్దామని కోడలంటే 'వయసు మీద పడితే అంతే, చాదస్తం' అని కొట్టిపారేశారు. ఆస్తి రాయించుకునే రోజు వచ్చేసరికి 'అమ్మకేం, బుర్ర పాదరసం' అన్నారు. రాసింది ఒక్కరికేనని తెలిసిన మర్నాడు మిగతావాళ్లు 'అమ్మకు మూడేళ్లుగా మతి లేదు' అంటూ కోర్టుకెక్కారు. ఆ తల్లి మెదడు ఒక్కటే, జబ్బూ ఒక్కటే. అది ఉందా లేదా అన్నది మాత్రం ఆస్తిని బట్టి తేలుతోంది.

రిజిస్ట్రార్ డాక్టరు కాదు, ప్రతి ముసలివారినీ అనుమానిస్తే పెద్దలకే అవమానం అనే వాదన ఉంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కానీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ ఏమంటోంది? పత్రం రాసిచ్చే వ్యక్తి మతిస్థిమితం లేనివాడిగా కనిపిస్తే రిజిస్ట్రేషన్ నిరాకరించి తీరాలంటోంది. 'కనిపిస్తే' అని చట్టమే చెప్పాక, చూడటం అధికారి పని. చూడకుండా వేలిముద్ర తీసుకుంటే అది విధి నిర్వహణ అనిపించుకోదు.

ఎలా చూడాలి? చిక్కు అక్కడే ఉంది. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు మొదట్లోనే దెబ్బతీసేది మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని. కొత్తగా విన్నదాన్ని, చూసినదాన్ని జ్ఞాపకంగా నిలిపేది అదే. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, నలభై ఏళ్ల నాటి పెళ్లి విందు గుర్తుంటుంది. చేతికి అలవాటైన పనులను నడిపే భాగాలు వేరు. అవి చాలాకాలం చెక్కుచెదరవు. తానెక్కడున్నదీ తెలియని మనిషి కూడా కాగితం ముందు పెడితే చక్కగా సంతకం చేస్తారు. 'సంతకం వణక్కుండా పెట్టారు కదండీ' అనేది సాక్ష్యం కాదు. మర్యాద కూడా అంతే. 'బాగున్నావా నాయనా, భోంచేశావా' అని నవ్వుతూ పలకరిస్తారు. ఎదుటివాడు ఎవరో తెలియకపోయినా తెలిసినట్టే మాట్లాడతారు. రెండు నిమిషాల సంభాషణలో కొత్తవారికి ఏ తేడా కనిపించదు. 'ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా?' అని అడిగితే 'ఆఁ బాబూ' అంటారు. ఆ 'ఆఁ'కు అర్థం, ఎదురు చెప్పకూడదన్న అలవాటు మాత్రమే.

కాబట్టి అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు వేయకూడదు. పిల్లల్ని, డాక్యుమెంట్ రైటర్‌ని బయటికి పంపాలి. కళ్లజోడు పెట్టించాలి, వినికిడి యంత్రం ఉంటే అదీ పెట్టించాలి. చెవుడును మతిమరుపుగా పొరబడటం మామూలే. తర్వాత వారి భాషలో, వారి మాటల్లో అడగాలి. మీకు పిల్లలెంతమంది? ఈ రోజు దేనికి వచ్చారు? ఏ ఇల్లు, ఎవరికిస్తున్నారు? మిగతావాళ్లకు ఎందుకివ్వడం లేదు? ఇచ్చాక మీరెక్కడుంటారు? పది నిమిషాలు వేరే సంగతులు మాట్లాడి మళ్లీ అవే అడగాలి. విషయం అర్థం కావడం, కాసేపైనా మనసులో నిలవడం, లాభనష్టాలు బేరీజు వేసుకోవడం, తన నిర్ణయాన్ని చెప్పగలగడం... ఈ నాలుగూ ఉంటేనే సమ్మతి. నాలుగింట్లో ఒకటి తప్పినా ఆగాలి. ఈ పని పొద్దున పూటే జరగాలి. పొద్దు గూకే వేళకు చాలామందిలో గందరగోళం, కంగారు ఎక్కువవుతాయి. ఇంటికొచ్చి రిజిస్ట్రేషన్ చేసే వెసులుబాటు చట్టంలో ఉంది కనుక, మంచం పట్టినవారిని ఆఫీసు దాకా మోసుకురావాల్సిన అవసరమే లేదు.

ఇంకో దారుణం ఆస్పత్రి మంచం మీది సంతకాలు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, సోడియం పడిపోయినా ముసలివారికి రెండు రోజుల్లో మతి చెదిరిపోతుంది. దాన్ని డెలీరియం అంటారు. గంట బాగుంటారు, గంట పలవరిస్తారు. ఆ బాగున్న గంటను పట్టుకుని కాగితాలు తెస్తున్నారు. చికిత్స చేస్తే తగ్గే స్థితి అది. కాగితం మీద పడిన వేలిముద్రను మాత్రం ఏ చికిత్సా వెనక్కి తేలేదు.

ఇది అరుదైన జబ్బనీ అనలేం, నిపుణులు లేరనీ అనలేం. 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (మతి క్రమంగా క్షీణించే స్థితి) ఉందని 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. అందులో పెద్ద వాటా అల్జీమర్స్‌దే. రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతుందని 2013లో ప్రపంచానికి చెప్పింది మన నిమ్స్‌లో 648 మంది రోగుల మీద జరిగిన పరిశోధన. చదువు రానివారికీ పనికొచ్చే పరీక్షలు తెలుగులో ఉన్నాయి. పెన్ను పట్టని అవ్వను గడియారం బొమ్మ గీయమనక్కర్లేదు. కూరగాయలకు ఇంతయింది, 200 ఇస్తే చిల్లర ఎంత తిరిగి రావాలి లాంటి ప్రశ్నలు అడగవచ్చు. ఇంత అనుభవం పంజాగుట్టలో ఉంటే, సబ్‌రిజిస్ట్రార్ బల్ల మీద ఒక్క పేజీ మార్గదర్శకం ఎందుకు లేదు?

జీపీఏ సంగతి మరీ ఘోరం. 'నాన్నకు మతిమరుపు మొదలైంది కాబట్టి జీపీఏ రాయించుకున్నాం, ఇక భయం లేదు' అనుకుంటున్నవారు నగరంలో వేలమంది ఉంటారు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారమిచ్చిన వ్యక్తికి మతిస్థిమితం పోయిన రోజే ఆ అధికారం రద్దవుతుంది. దేనికోసం రాయించుకున్నారో ఆ అవసరం వచ్చిన రోజే అది చెల్లని కాగితమవుతుంది. అయినా ఆ కాగితంతోనే అమ్మకాలు సాగిపోతున్నాయి. ఇక్కడా అదే కథ. డాక్టరు దగ్గర నాన్నకు జబ్బుంది, కొనేవాడి దగ్గర లేదు.

మరి నిజాయతీగా చూసుకునే కుటుంబం ఏం చేయాలి? తండ్రి మందులకు ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ విడిపించాలన్నా బ్యాంకు ఆయన సంతకమే అడుగుతుంది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తి నిర్వహణకు జిల్లా కోర్టు మేనేజరును నియమించే దారి ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో ఆ దారి లేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ని నియమించే అవకాశం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వాటికే ఉంది, డిమెన్షియాకు లేదు. చాలామందికి మిగిలింది హైకోర్టులో రిట్ వేయడమే. మలక్‌పేటలో అద్దెకుండే రిటైర్డ్ గుమాస్తా భార్య రిట్ వేస్తుందా? చట్టం మూసేసిన చోటే దొడ్డిదారి తెరుచుకుంటుంది. మతిస్థిమితం లేనివారి వ్యవహారం ఉమ్మడి జాబితాలోని అంశం, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగలవు. రాష్ట్ర శాసనసభ తలచుకుంటే చట్టం చేయగలదు. తలచుకోవడం లేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అల్జీమర్స్ అని తేలినంత మాత్రాన మనిషికి హక్కులు పోవు. తొలి దశలో ఉన్నవారు తమ ఆస్తి గురించి, వైద్యం గురించి చక్కగా నిర్ణయించుకోగలరు. ఆ దశలోనే అడగాలి. ఇద్దరు సాక్షులతో వీలునామా, అదే రోజు తేదీతో నిర్ణయ సామర్థ్యంపై న్యూరాలజిస్టో సైకియాట్రిస్టో ఇచ్చిన ధ్రువపత్రం, బ్యాంకులో ఉమ్మడి ఖాతా, నామినీ, 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద మానసిక వైద్యానికి ముందస్తు ఆదేశం... ఇవన్నీ మొదటి ఏడాదిలో అయిపోవాలి. గిఫ్ట్ డీడే రాయాలనుకుంటే, తమను పోషించాలన్న షరతు అందులో ఉండి తీరాలి. షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రైబ్యునల్ ఆ పత్రాన్ని రద్దు చేయగలదు. పెద్దవారు తాము వెళ్లలేకపోతే స్వచ్ఛంద సంస్థ వారి తరఫున వెళ్లవచ్చు. చాదస్తమని తోసేసినవారు ఈ ఏడాదినే పోగొడుతున్నారు. దాంతోపాటు బి12 లోపం, థైరాయిడ్, కుంగుబాటు, బాత్రూంలో జారిపడ్డాక తలలో గడ్డకట్టిన రక్తం వంటి నయమయ్యే కారణాలను కనిపెట్టే అవకాశాన్నీ పోగొడుతున్నారు. డోనెపెజిల్ లాంటి మందులు కొంతకాలం నిలకడనిస్తాయి గానీ పోయిన జ్ఞాపకాన్ని తేవు. అది కూడా ముందే చెప్పాలి.

ఇంతకీ రోజూ ఈ జబ్బుతో బతికేది ఎవరు? చాలా ఇళ్లలో కోడలో, పెళ్లికాని కూతురో. స్నానం చేయించేది, డైపర్ మార్చేది, రాత్రి రెండింటికి గేటు తీస్తున్న మామగారిని వెనక్కి తెచ్చేది, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి తాళం వేసుకునేది ఆమే. 'నా గాజులు ఇదే ఎత్తుకుపోయింది' అన్న నింద పడేదీ ఆమె మీదే. ఎక్కడో దాచి మరిచిపోయిన మెదడు, ఆ ఖాళీని పక్కనున్న మనిషితో పూరిస్తుంది. అది జబ్బు మాట, అత్తగారి మాట కాదు. 'నేను తీయలేదు' అని వాదించకుండా కలిసి వెతకడమే మందు. ఇది తెలియక ఎన్ని కాపురాలు చెడుతున్నాయో! తెలిసిన పెద్ద కొడుకు కొందరిళ్లలో అదే నిందను వాడుకుంటున్నాడు. 'చూశావా అమ్మా, నిన్ను దోచేస్తున్నారు, నా పేరున రాసెయ్' అంటున్నాడు. డాలస్ నుంచి రెండు వారాలకు వచ్చి పత్రం పూర్తి చేసుకుని వెళ్తున్నాడు. సేవ ఒకరిది, కాగితం ఇంకొకరిది.

ప్రభుత్వమూ ఇదే రెండు నాల్కల దారిలో ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు, సంతోషం. అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారికి. ఈ జబ్బులో ఖర్చంతా ఇంట్లోనే. పగటిపూట పెద్దలను ఉంచే కేంద్రాలు, చూసుకునేవారికి వారానికి ఒక్క పూట విడుపు... ఇవి చాలామందికి అందుబాటులో లేవు. డిమెన్షియా వల్ల వచ్చిన వైకల్యాన్ని మానసిక అనారోగ్యం విభాగంలో కొలిచే ప్రమాణం ఉన్నా, శిబిరాలకు వెళ్లినవారికి ఆ సంగతి చెప్పేవారు అరుదు. పింఛను దగ్గర ఈ జబ్బు వయసు ప్రభావం. రిజిస్ట్రేషన్ రుసుము దగ్గర అసలు జబ్బే లేదు.

మేం అడుగుతున్నది ఇది. 70 దాటినవారు దానంగానో జీపీఏగానో ఆస్తి రాసిచ్చే ప్రతి సందర్భంలో విడిగా కూర్చోబెట్టి ప్రశ్నించడం, ఆ వీడియోను పత్రంతో పాటు భద్రపరచడం, తడబాటు కనిపిస్తే ప్రభుత్వ వైద్యుడి ధ్రువపత్రం వచ్చేదాకా ఆపడం. రిజిస్ట్రేషన్ శాఖ ఒక్క సర్క్యులర్‌తో చేయగల పని. ఇంతవరకు చేయనందుకు ఆ శాఖ సిగ్గుపడాలి. కళ్లముందు జరుగుతున్నది అన్యాయమని తెలిసీ ఎదుట సంతకం చేసే సాక్షులూ సిగ్గుపడాలి.

ఇక ఆ వేలు పట్టుకున్న పిల్లలకు. సాయంత్రమయ్యేసరికి అల్జీమర్స్ ఉన్నవారు తమ ఇంట్లోనే కూర్చుని 'మనింటికి ఎప్పుడెళ్దాం?' అని అడుగుతారు. పది నిమిషాలకోసారి అడుగుతారు. రాత్రి దాకా అడుగుతారు. ఆ ఇల్లు రాయించుకున్నవాడు రోజూ ఆ ప్రశ్న పక్కన కూర్చుని విసుక్కోకుండా జవాబు చెబుతాడా? చెప్పలేకపోతే ఆ చెయ్యి వదిలెయ్యాలి.