గోడ లోపల ఏముందో ఎక్కడ రాసి పెట్టారు?

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబర్ హైవే మీద గానీ, జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలు పోయే 44 మీద గానీ ఫ్లైఓవర్ ఎక్కే దగ్గర రెండు పక్కలా నిలువుగా లేచిన సిమెంట్ పలకల గోడలు కనిపిస్తయి. చూసినోళ్లకు ఆ పలకలే మట్టిని ఆపుతున్నయ్ అనిపిస్తది కానీ పలక జానెడు మందం కూడా ఉండదు, అసలు బరువంతా పట్టుకునేది లోపల పొరపొరకూ పరిచిన జియోగ్రిడ్, అంటే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌తోనో పాలిస్టర్‌తోనో చేసిన గట్టి వల. ఫ్రాన్స్ ఇంజినీర్ ఆన్రీ విదాల్ 1960లలో ఇనుప పట్టీలతో మొదలుపెట్టిన ఈ పద్ధతిలోకి ప్లాస్టిక్ తర్వాత వచ్చింది. తక్కువ జాగలో, తక్కువ ఖర్చుతో అయితది, పద్ధతిని మేం తప్పుపట్టట్లే.

మా బాధంతా దాని వయసు గురించే. ఈ గోడలు వందేళ్లు ఉండాలని డిజైన్ చేస్తరు, కాంట్రాక్టర్ బాధ్యత మాత్రం ఐదేళ్లకో పదేళ్లకో అయిపోతది, మిగిలిన తొంభై ఏళ్లు ఎవరు చూసుకోవాలె?

ప్లాస్టిక్ బరువు కింద ఏళ్ల తరబడి మెల్లగా సాగుతనే ఉంటది, దాన్నే ఇంజినీర్లు క్రీప్ అంటరు. ల్యాబ్‌లో మామూలుగా 10,000 గంటలు, అంటే దాదాపు ఏడాది మీద రెండు నెలలు గ్రిడ్‌కు బరువు వేలాడదీసి చూసి ఆ లెక్కను వందేళ్లకు పొడిగిస్తరు. వేడి పెరిగితే ఈ సాగుడు కూడా పెరుగుతది, మన నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు కొత్తేం కాదు, ఎండకు కాలిన పలక వెనకాలే ఉన్న గ్రిడ్‌కు ఆ వేడి తగలకుండా ఎట్లుంటది? అందుకే చల్లటి దేశాల లెక్కలు తెచ్చి ఇక్కడ అంటించొద్దని మేం గట్టిగా చెప్తున్నం.

గ్రిడ్‌కు దెబ్బ మొదట తగిలేది సైట్ మీదే. చుట్టలు నెలల తరబడి ఎండలో పడేస్తే ఒక దెబ్బ, పైన మట్టి పోయకుండానే డోజర్ ఎక్కిస్తే ఇంకో దెబ్బ, పదునైన క్రషర్ కంకర మీద రోలర్ తొక్కితే మరోటి. ఇక పాలిస్టర్‌కు క్షారం ఎక్కువున్న మట్టి పడదు, క్షారాన్ని కొలిచే పీహెచ్ 9 దాటితే మెల్లమెల్లగా తినేస్తది. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంట్ ఉంది, ఆ బూడిద రేపు రోడ్ల కట్టలకు రావొచ్చు, దాంట్లో క్షారం ఎక్కువ ఉండొచ్చు. వాడొద్దని అనట్లే, పోసే ముందు పీహెచ్ చూసి దానికి తగ్గ గ్రిడ్ వేయాలంటున్నం, అంతే.

అన్నిటికన్నా పెద్ద శత్రువు నీళ్లే. నీళ్లు జారిపోయే గరుకు మొరం పోయాల్సిన చోట బంకమట్టి కలిస్తే వానాకాలం లోపల నీళ్లు నిలుస్తయి, గోడ కడుపు ఉబ్బుతది. కింద నేల కూడా చూసుకోవాలె, నల్లరేగడి ఎట్ల ఉబ్బి ఎట్ల పగులుతదో మన రైతును అడిగితే చెప్తడు. 2025 మేలో కేరళ మలప్పురం జిల్లా కూరియాడ్ దగ్గర 66వ నంబర్ హైవే కట్ట కుంగితే, కింద వరిపొలం నేల ఆ బరువు మోయలేకపోయిందనే తేల్చిండ్రు.

నల్లగొండ పక్కన పానగల్లులో ఉన్న ఉదయసముద్రం చెరువు కట్ట కందూరు చోళుల కాలం నాటిది, అంటే వందల ఏళ్ల కిందటిది. కట్టినోళ్ల పనితనం ఒక్కటే దాన్ని ఇన్నేళ్లు నిలబెట్టిందా? చెరువుకు నీరటి ఉండేటోడు, తూము చూసేటోడు, కట్ట మీద చెట్టు మొలిస్తే పీకించేటోడు. ఈ హైవే గోడలకు నీరటి ఎవరు?

అందుకే హైవే అధికారులను, రోడ్లు భవనాల శాఖను మేం అడుగుతున్నం. ప్రతి గోడకూ ఏ రకం గ్రిడ్, ఏ మట్టి, ఏ ఏడాది, డ్రైన్ ఎక్కడ తేలుతదో రాసిన రికార్డు ఆ ఊరి పంచాయతీలో కూడా ఉండాలె. కొత్త గోడల్లో అదే గ్రిడ్ ముక్కలు కొన్ని విడిగా పాతిపెట్టి పదేళ్లకోసారి తీసి ల్యాబ్‌లో లాగి చూడాలె. ప్రతి వానాకాలం తర్వాత ఒక ఇంజినీర్ గోడ వెంట నడిచి ఉబ్బు, వాలు కొలిచి రాయాలె. ఈలోపు చేయగలిగిన పని ఒకటుంది, పలకల సందుల్లో మొలిచిన రావి మొక్కలను అవి వేళ్లు దిగకముందే ఈ ఎండాకాలంలోనే తీయించండి, మూసుకుపోయిన డ్రైన్లు తొలకరి లోపు తెరిపించండి.