రసీదు పుస్తకం గారికి ఒక మనవి

గౌరవనీయులైన రసీదు పుస్తకం గారికి,

అనంతపురం నుంచి మీ సేవకుడు రాయునది. ఉభయ కుశలోపరి. మీ వంద ఆకుల్లో ఈ నెల చందాలకు చిరిగినవి పదకొండు. మా సాయంకాలం బడి గది అద్దె, కరెంటు బిల్లు, ఇద్దరు టీచర్ల జీతం ఆ పదకొండులోనే సర్దాలి.

మీలో పేరుకు గడి ఉంది. డబ్బుకు అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే 80జీ కింద ఆదాయపు పన్ను మినహాయింపు రాదని అడుగున చీమతలకాయంత అక్షరాల్లో హెచ్చరిక కూడా ఉంది. ఎందుకిచ్చాడో రాసుకునే గడి మాత్రం లేదు. ఎందుకియ్యలేదో రాసుకునేది అసలే లేదు. చిరగని ఆకుకు చరిత్ర ఉండదని మీ ఉద్దేశం కాబోలు. మా కమిటీదీ అదే.

మా వీధి వినాయక చవితి పిల్లకాయల చేతిలో మీ తమ్ముడొకడు ఉంటాడు, చూశారా? మొదటి ఆకు మీద బియ్యం మండీ ఆయన చేత ఐదు వేలు రాయించి, ఆ పేజీ తెరిచి పట్టుకొనే మా గడప ఎక్కుతారు. యాభై ఇద్దామని లేచినవాణ్ణి ఐదొందలు రాసి, ఇంట్లో తిట్లు తిన్నాను. ఈ కిటుకునే జాన్ లిస్ట్, డేవిడ్ లక్కింగ్-రైలీ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో పరీక్షించి 2002లో అచ్చేశారు. కావలసిన డబ్బులో 10 శాతం ముందే చేతికొచ్చిందని చెప్పినప్పటికంటే, 67 శాతం వచ్చిందని చెప్పినప్పుడు చందాలు దాదాపు ఆరు రెట్లు వచ్చాయట. మరి మీ మొదటి ఆకు ఎవరి చేత రాయించాం? నా చేతే. నూటపదహారు.

పైగా మేం జనానికి చూపించింది పట్టికలు. వానలెంత, వలసలెంత, బడి మానినవాళ్ళెందరు. 2007లో వచ్చిన ఇంకో ప్రయోగంలో ఆకలి లెక్కలు చదివినవాళ్ళకంటే రోకియా అనే ఏడేళ్ళ పిల్ల గురించి చదివినవాళ్ళు రెట్టింపుకు పైగా ఇచ్చారు. కథ పక్కన లెక్కలూ పెడితే కథ బలం కూడా తగ్గింది. అంత దూరమెందుకు, 1969లో స్పెయిన్ దేశపు విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికొచ్చి మొదలుపెట్టిన సేవాసంస్థనే చూడండి. స్పెయిన్‌లో డబ్బు పంపే ఇంటికి మన పల్లె పిల్ల పేరు, ఫోటో, ఉత్తరం అందేవి. క్లాక్ టవర్ పక్కనున్న మన దాతకు అందింది మీ ఆకు ఒక్కటే, అదీ కార్బన్ సరిగ్గా పడనిది.

ఈ సంగతి తెలియగానే ఎగబడి పోయి మా బడి పిల్ల ఫోటో తీశాను. కొంచెం దిగులుగా చూడమన్నాను. "నేనేమన్నా ఏడుస్తాండానా సార్?" అంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆ ప్రయోగంలో ఈ ప్రశ్న అడిగిన పిల్ల లేదు మరి.

అసలు దెబ్బ చెనక్కాయల మండీలో తగిలింది. "పోయినేడు ఇచ్చినా గదప్పా, ఆ దుడ్డు ఏమైందో ఒకరన్నా వచ్చి చెప్పినారా?" అన్నాడు వ్యాపారి. కమిటీకి వచ్చి నేను చెప్పిందేమంటే, వ్యాపారాలు డల్‌గా ఉన్నాయని. బోండాలు తిని, టీ తాగి, ఇంకో యాభై పుస్తకాలు అచ్చేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. చెప్పులో రాయి ఉంటే కొత్త చెప్పులు కొన్నట్టు.

అప్పటి నుంచి మీ కౌంటర్ ఫాయిల్ వెనక పెన్సిల్‌తో రాసుకుంటున్నాను. ఎవరు ఏమన్నారు, నేనేం జవాబిచ్చాను, ఎక్కడ నోరు జారాను. మీకు చక్కిలిగిలి అయితే ఓర్చుకోండి. ఇరవై ఆకులు రాశాక వెనక్కి తిప్పి చూస్తే, పొమ్మన్నవాళ్ళలో ఎక్కువమంది నిరుడు ఇచ్చినవాళ్ళే. లేనివాళ్ళనుకున్నాం. అలిగినవాళ్ళు.

రేపు మండీకి మళ్ళీ పోతున్నాను. ఆ పిల్ల ఎక్కాల నోటుబుక్కు పట్టుకుపోతాను. పంతొమ్మిదో ఎక్కంలో రెండు తప్పులున్నాయి, దిద్దకుండానే చూపిస్తాను. మీరు మాత్రం బండి డిక్కీలోనే ఉండండి. ఆయనే అడిగితే పిలుస్తాను.

ఇట్లు,
మీ మొదటి ఆకు నూటపదహారు