‘రిఫరెన్సులు ఎవరూ తెరిచి చూడరు’ అన్న మాట నమ్మితే…

కాలేజీలో రీసెర్చ్ పేపర్లు సమర్పించే రోజులు దగ్గరపడగానే విద్యార్థుల ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఒక్కోసారి ఒక్కో రూపంలో వస్తుంది గానీ సారం ఒకటే. మాటలు మార్చి రాస్తే సైటేషన్ (ఎవరి దగ్గర నుంచి తీసుకున్నామో చెప్పడం) అక్కర్లేదట. వేరే రాతలతో పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్ చూపించే సిమిలారిటీ 15 శాతం దాటకపోతే సేఫ్ అట. కాపీరైట్ లేనిదీ, వేరే భాష నుంచి అనువదించుకున్నదీ ఎలా వాడినా ఫర్వాలేదట. వికీపీడియా వ్యాసం అడుగున ఉన్న రిఫరెన్సులు తెచ్చి పెట్టుకుంటే చాలు, ఎవరూ తెరిచి చూడరట. మిగిలిన పని రిఫరెన్సులు పేర్చిపెట్టే జనరేటరో ఏఐయో చూసుకుంటుందట. చివర్లో ‘టెన్షన్ వద్దు, ఫ్రెండ్స్‌కి షేర్ చేయండి’ అని ఒక అభయం.

ఇందులో నిజం బొత్తిగా లేదని అనను. అందరికీ తెలిసిన విషయానికి ఆధారం చూపించక్కర్లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని రాయడానికి ఎవరి పేరూ చెప్పనవసరం లేదు. రిఫరెన్సులను క్రమంలో పెట్టే సాఫ్ట్‌వేర్ వాడటం కూడా తప్పు కాదు. తక్కినవి మాత్రం నిలబడవు.

మొదట ‘మాటలు మారిస్తే చాలు’ అన్నది చూద్దాం. ఒక పుస్తకంలో ఇలా ఉందనుకోండి: ‘నదుల్లో పూడిక పెరగడానికి ప్రధాన కారణం ఎగువ ప్రాంతాల్లో అడవుల నరికివేత.’ మెసేజ్ చెప్పినట్టు చేస్తే వచ్చేది ఇది: ‘ఏరుల్లో మేట ఎక్కువవడానికి ముఖ్య హేతువు పై భాగాల్లో చెట్లు కొట్టేయడం.’ దాదాపు అన్ని మాటలూ మారాయి. వాదన మారలేదు, వాక్యం నడక కూడా మారలేదు. ఆ కారణాన్ని గుర్తించి, దానికి రుజువులు పోగేసిన శ్రమ ఆ రచయితది. సైటేషన్ మాటలకే కాదు, ఆలోచనకీ, అంకెలకీ, వాదనకీ, పటానికీ, పట్టికకీ ఇవ్వాలి. పారాఫ్రేజ్ అంటే పుస్తకం మూసేసి, అర్థమైనదాన్ని సొంత వాక్యాల్లో రాసి, ఆ తర్వాత కూడా ఎవరి దగ్గర నుంచి తీసుకున్నారో చెప్పడం. ఉన్నది ఉన్నట్టు దించితే దానికి కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు కూడా పెట్టాలి.

దీనికి తోడు ఇంకో అలవాటు ఉంది. పది వాక్యాల పేరా రాసి చిట్టచివర బ్రాకెట్లో ఒక్క సైటేషన్ పెట్టేస్తారు. అరువు తెచ్చుకున్నది ఎక్కడ మొదలైందో, మీ సొంత విశ్లేషణ ఎక్కడ ఉందో చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది? ‘ఫలానా రచయిత ఇలా వాదించారు’ అని పేరా మొదట్లోనే చెబితే ఆ గొడవ ఉండదు. పైగా మీరు సొంతంగా చేసిన ఆలోచన మీ ఖాతాలో పడుతుంది.

15 శాతం సంగతికి పెద్ద చర్చ అక్కర్లేదు. ఆ సాఫ్ట్‌వేర్ చేసేది మీ వాక్యాలను తన దగ్గరున్న పాఠాలతో పోల్చి, కలిసిన చోట రంగు వేయడం. అది దొంగతనమో కాదో దానికి తెలియదు. సిమిలారిటీ స్కోరు ప్లేజియరిజం (ఇంకొకరి పనిని సొంతమని చూపించుకోవడం) మీద తీర్పు కాదని అలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేసే టర్నిటిన్ సంస్థే చెబుతుంది. 25 శాతం వచ్చిన పేపర్లో అదంతా సరిగ్గా చూపించిన కొటేషన్లూ, రిఫరెన్సుల జాబితా కావచ్చు. 4 శాతం వచ్చిన పేపర్లో ఆ నాలుగే ముగింపు మొత్తం కావచ్చు. కాలేజీ పెట్టే హద్దు అంతవరకు కాపీ కొట్టుకోమని ఇచ్చే కోటా కాదు.

కాపీరైట్, ప్లేజియరిజం వేర్వేరు విషయాలు. కాపీరైట్ చట్టానికి సంబంధించింది, కాలం తీరితే పోతుంది. ఇంకొకరి పనిని మీదిగా చూపించుకోకూడదనే నియమానికి గడువు లేదు. అనువాదం సంగతా? 2012 వరకు హంగరీ అధ్యక్షుడిగా ఉన్న పాల్ ష్మిట్‌ని అడగాలి. 1992 నాటి ఆయన డాక్టరేట్ థీసిస్‌లో చాలా భాగం ఒక బల్గేరియా పరిశోధకుడు ఫ్రెంచిలో రాసినదానికి అనువాదమని 20 ఏళ్ల తర్వాత బయటపడింది. 2012లో యూనివర్సిటీ ఆ డాక్టరేట్‌ను రద్దు చేసింది. కొద్ది రోజులకే ఆయన పదవి వదులుకున్నారు.

మెసేజ్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపించేది వికీపీడియా చిట్కా. ఎందుకంటే పైకి అది నిజాయితీగానే కనిపిస్తుంది. ఆధారం ఇచ్చాం కదా, అందులో తప్పేముంది అనిపిస్తుంది. తప్పు ఇదీ: మీరు చదవని వ్యాసాన్ని చదివినట్టు చెబుతున్నారు. అందులో నిజంగా ఏముందో మీకు తెలియదు.

ఇలా చదవకుండా ఉదహరిస్తూ పోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదంతం ఉంది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఉత్తరం వచ్చింది. అంతా కలిపి ఒక్క పేరా. ఆసుపత్రిలో ఉండి మత్తు గుణం ఉన్న నొప్పి మందులు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు వ్యసనం లేనివాళ్లలో కొత్తగా వ్యసనానికి లోనైన కేసులు నాలుగే కనిపించాయని దాని సారాంశం. ఇంటికి తీసుకెళ్లి నెలల తరబడి వాడేవాళ్ల గురించి అది ఏమీ చెప్పలేదు. 2017లో అదే జర్నల్‌లో ఆ ఉత్తరాన్ని ఎవరెవరు ఎలా ఉదహరించారో లెక్కగట్టిన విశ్లేషణ వచ్చింది. మొత్తం 608 సైటేషన్లలో 439 దాన్ని ‘ఈ మందులతో వ్యసనం అరుదు’ అనడానికి ఆధారంగా చూపించాయి. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లన్న ముఖ్యమైన మాటను 491 చోట్ల చెప్పనే లేదు. ఉత్తర అమెరికాను కుదిపేసిన ఓపియాయిడ్ (మత్తు గుణం ఉన్న నొప్పి మందుల) సంక్షోభానికి ఈ తప్పుడు సైటేషన్లు కూడా దోహదం చేశాయని ఆ విశ్లేషకులు అభిప్రాయపడ్డారు. ఉత్తరం చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఇక ‘ఎవరికి తెలుస్తుంది’ అన్నదానికి జవాబు. సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు 2003లో అచ్చుతప్పులను పట్టుకుని ఈ గుట్టు లాగారు. భౌతికశాస్త్రంలో పేరున్న ఒక పేపర్‌కి దాదాపు 4,300 సైటేషన్లు ఉంటే, వాటిలో 196 చోట్ల వివరాలు తప్పుగా పడ్డాయి. కానీ ఆ 196లో వేర్వేరు తప్పులు 45 మాత్రమే. ఒకే తప్పుడు పేజీ నంబరు 78 చోట్ల కనిపించింది. పరీక్ష హాల్లో పక్కపక్క బెంచీల జవాబు పత్రాల్లో ఒకే వింత తప్పు దొరికినట్టన్నమాట. ఉదహరించినవాళ్లలో అసలు పేపర్ చదివినవాళ్లు 20 శాతమే ఉంటారని వాళ్లు అంచనా వేశారు. పెద్ద పరిశోధకులూ ఇదే చేస్తున్నారు కదా అని మీకు ధైర్యం రావచ్చు. దొరికిపోయింది కూడా వాళ్లే అని మరిచిపోకండి.

మరి వికీపీడియాను ముట్టుకోకూడదా? నిక్షేపంగా చదవండి. విషయం మీద పట్టు చిక్కుతుంది, దారి దొరుకుతుంది. అడుగున ఉన్న రిఫరెన్సును తెరిచి, మీకు కావలసిన మాట అందులో నిజంగా ఉందో లేదో చూసి, అప్పుడు దాన్నే ఉదహరించండి. అసలు పుస్తకం దొరకలేదంటే, ‘ఫలానా వారి మాట, ఫలానా వారి పుస్తకంలో ఉదహరించినట్టు’ అని రాయడానికి సైటేషన్ రాసే ముఖ్యమైన పద్ధతుల్లో వీలుంది. జాబితాలో మాత్రం మీ చేతికి వచ్చిన పుస్తకమే ఉండాలి.

చివరి చిట్కా, జనరేటర్లు, ఏఐ. ఈ రెండింటినీ ఒకే గాట కట్టకూడదు. జనరేటర్ మీరిచ్చిన వివరాలను ఏపీఏ, ఎంఎల్ఏ లాంటి రిఫరెన్సులు రాసే పద్ధతులకు తగ్గట్టు పేరుస్తుంది. తప్పు వివరాలు ఇస్తే తప్పుగా పేరుస్తుంది. ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్ల పేర్లను తలకిందులు చేయడం, వెబ్‌సైట్ పేరును రచయిత గడిలో పెట్టడం దీనికి మామూలే. కాస్త ఓపికగా సరిచూస్తే సరిపోతుంది.

ఏఐ చాట్‌బాట్ అలా కాదు. అడిగితే లేని పేపర్‌ని కూడా పుట్టించగలదు, రచయిత పేరు, సంవత్సరం, పేజీలతో సహా. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో అవియాంకా విమానయాన సంస్థ మీద నడిచిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉదహరించారు. ఎదుటి పక్షం వెతికితే అలాంటి తీర్పులు లేనే లేవు. ఇవి నిజమైనవేనా అని ఆ లాయర్లలో ఒకరు చాట్‌జీపీటీనే అడిగితే అవునని చెప్పింది కూడా! జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. కాబట్టి అది ఇచ్చిన ప్రతి రిఫరెన్సునూ మీరే వెతకాలి. జర్నల్ వ్యాసమైతే 10తో మొదలయ్యే డీఓఐ నంబరు (ఆ వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు) సాధారణంగా ఉంటుంది, దాన్ని తెరవండి. తెరుచుకుంది కదా అని ఆగిపోకండి. కల్పించిన శీర్షికకు వేరే వ్యాసం డీఓఐ తగిలించి ఇవ్వడమూ ఉంది. శీర్షిక, రచయిత కలుస్తున్నాయో లేదో చూడండి, ఆ తర్వాత వ్యాసం చదవండి.

ఒక విషయంలో ఆ మెసేజ్ రాసినవాళ్ల మీద నాకు కొంత సానుభూతి ఉంది. క్లాసుల్లో సైటేషన్ అంటే కామా ఎక్కడ, బ్రాకెట్ ఎక్కడ అన్నదే ఎక్కువగా వినిపిస్తుంది. నిజానికి కామా తప్పితే మహా అయితే ఒక మార్కు పోతుంది. ఏపీఏ ఏడో కూర్పా, ఎంఎల్ఏ తొమ్మిదోదా, చికాగోనా అన్నది గైడ్‌ని అడిగి, అదే మొదటి నుంచి చివరి వరకు పాటిస్తే సరిపోతుంది. ఆధారం లేకపోవడం మాత్రం క్రమశిక్షణ కమిటీ దాకా వెళ్లగలదు.

టెన్షన్ అంతా చివరి రాత్రి, ‘ఈ మాట ఎక్కడ చదివానబ్బా’ అని వెతుక్కోవడంలో ఉంది. చదువుతూ నోట్సు రాసుకునేటప్పుడే రచయిత, సంవత్సరం, పేజీ పక్కన రాసుకోండి. వెబ్ పేజీ అయితే లింకు, చూసిన తేదీ రాసుకోండి. యథాతథంగా దించుకున్నదానికి అప్పటికప్పుడే కొటేషన్ గుర్తులు పెట్టేయండి, లేకపోతే వారం తర్వాత అది మీ వాక్యంలాగే కనిపిస్తుంది. అయినా ఒక వాక్యానికి మూలం దొరకలేదంటే, ఆ వాక్యాన్ని పేపర్లోంచి తీసేయండి.