బోర్డు లేని ఆఫీసు, ఫ్లెక్సీ ఉన్న గూఢచారి

విశాఖ ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ముందు పోయిన నెల నిలువెత్తు ఫ్లెక్సీ వెలిసింది. మా వీధి మాష్టారి అబ్బాయి కేంద్ర నిఘా సంస్థ ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఏసీఐఓగా, అంటే అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసరుగా ఎంపికయ్యాడు. ముఖం పెద్దది, కింద పేరు, రోల్ నంబరు, చుట్టూ గులాబీలు. సిగ్నల్ పడినప్పుడల్లా ఆటోలవాళ్లు తీరిగ్గా చూసి మరీ కదులుతున్నారు. రేపు వీడు మారువేషం వేస్తే మాత్రం ఎవరు పోల్చుకోరు?

నేనైతే ఇందులో తప్పు పట్టను. రహస్యం ఎవరి దగ్గర దాచాలో ఆ సంస్థకి బాగా తెలుసు. అడిగే హక్కు ఉన్నవాడి దగ్గర దాస్తే చాలు, ఆటోవాడికి తెలిసినా నష్టం లేదు.

1887లో తెల్లదొరలు పెట్టిన సంస్థ ఇది. 1947లో సంజీవి పిళ్లై గారు తొలి భారతీయ డైరెక్టరు. 1968లో విదేశీ గూఢచర్యానికి ‘రా’ అనే వేరే సంస్థ పుట్టేదాకా ఇంటి సంగతీ పొరుగు సంగతీ ఇదే చూసుకునేది. ఇప్పుడు ఇంటి సంగతి మటుకు చూసి కేంద్ర హోంశాఖకి చేరవేస్తుంది. ఇంత చేసినా ఈ సంస్థను పుట్టించిన చట్టం మాత్రం లేదు. మన పిల్లాణ్ణి ఎల్కేజీలో వెయ్యాలంటే బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు, ఈ పెద్దాయన అది లేకుండానే నూరేళ్లు దాటేశాడు. 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ గారు ఒక చట్టం ఉండాలని లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. పెట్టారు, అంతే.

అలాగని బొత్తిగా చట్టం పట్టని సంస్థ కాదు సుమా. ఇలాంటి సంస్థల ఉద్యోగులు యూనియన్లు పెట్టుకోకూడదని, పత్రికలతో మాట్లాడకూడదని 1985లోనే చట్టం చేశారు. పుట్టుకకి కాయితం లేదు గానీ నోరు మూసుకోవడానికి ఉంది. పోర్టులో, షిప్‌యార్డులో, స్టీల్‌ప్లాంటులో గేటుకో జెండా ఎగిరే మన విశాఖలో యూనియన్ లేని ఉద్యోగమంటే పిల్లనిచ్చేవాళ్లు కూడా ఒకసారి ఆలోచిస్తారు. సమాచార హక్కు చట్టంలోనూ 24వ సెక్షన్ కింద దీనికి మినహాయింపు ఉంది. అవినీతి, మానవ హక్కుల ఆరోపణలైతే అడగొచ్చట. అయితే ఆరోపణ చెయ్యాలంటే ముందు లోపలేం జరిగిందో తెలియాలి కదా.

ఇంకో విశేషం, వీళ్లు ఎవరినీ అరెస్టు చెయ్యలేరు. కనిపెట్టడం వీళ్ల వంతు, పట్టుకోవడం పోలీసుల వంతు. 2019 డిసెంబరులో ఫేస్‌బుక్ వలపు వలలో పడి నౌకాదళ సమాచారం బయటకి పంపారన్న కేసులో కేంద్ర నిఘా సంస్థలు, నేవీ నిఘా విభాగం కలిసి పనిచేసినా ప్రకటించింది మన రాష్ట్ర పోలీసులే. ఆ రహస్య ఆపరేషన్‌కి పెట్టిన పేరు డాల్ఫిన్స్ నోస్. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తినే ప్రతివాడికీ ఎదురుగా కనబడే కొండ అది. పైన లైట్‌హౌసు కూడా ఉంది, రాత్రిపూట ఎవరైనా చూడకుండా పోతారేమోనని.

ఇక మఫ్టీ. కూర్మన్నపాలెంలో స్టీల్‌ప్లాంటు కార్మికుల దీక్షా శిబిరం దగ్గర ఒకసారి చూశాను. జనమంతా చెప్పులతో ఉంటే ఒకాయన మాత్రం పాలిష్ పెట్టిన నల్లబూట్లతో, పొట్టి క్రాఫుతో, చెట్టుకి ఆనుకుని పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పడం లేదు. టీకొట్టు కుర్రాడు గ్లాసు అందిస్తూ, "ఏటి సార్, జనాన్ని లెక్కెట్టీసారా? నిన్నటికన్నా తక్కువే నెండి" అన్నాడు. ఆయన తలూపి జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. స్పెషల్ బ్రాంచో, రాష్ట్ర ఇంటెలిజెన్సో, ఢిల్లీ తాలూకో నాకు తెలియదు. కుర్రాణ్ణి అడిగితే చెప్పేవాడే.

మొన్న మాష్టారిని కలిసి, అబ్బాయికి ఏం పని అప్పజెప్పారండీ అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "హోం డిపార్ట్‌మెంటులో ఏదో ఫైళ్ల పనట. ఎవరికీ చెప్పొద్దన్నాడు బాబూ" అన్నారు.

కోచింగ్ సెంటర్‌లో కొత్త బ్యాచ్ మొదలైంది, పాత ఫ్లెక్సీ విప్పేశారు. పారేయడం ఇష్టంలేక మాష్టారు ఇంటికి తెచ్చుకున్నారు. పొద్దున్న మా డాబా మీంచి చూస్తే, వాళ్ల మేడ మీద అబ్బాయి ముఖం ఆకాశంకేసి నవ్వుతోంది. రోల్ నంబరు మీదుగా మాష్టారి భార్య వరసగా గుమ్మడి వడియాలు పెడుతోంది.