తమరి కెమెరా ఏ గోత్రమండీ?

పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు గోత్రం అడుగుతాం, నక్షత్రం అడుగుతాం, పాదం కూడా వదలం. కానీ ఫొటోగ్రాఫర్ కెమెరా ఏ కంపెనీదో శుభలేఖలో వేసే ఆచారం మాత్రం మన పెద్దలు ఇంతవరకూ పెట్టలేదు. ఇది చాలా పెద్ద లోపమని నా అభిప్రాయం. అచ్చొత్తించేటప్పుడు 'విందు' అనే మాట కింద ఒక్క లైను చాలు: 'ఫొటోలు: ఫుల్ ఫ్రేమ్, కేనన్'. వచ్చేవాళ్లకీ తమ చర్మం ఏ రంగులో తేలబోతోందో ముందే ఒక అంచనా ఉంటుంది, దానికి తగ్గ పట్టుచీర ఎంచుకుంటారు.

నేను పద్దెనిమిదేళ్లుగా గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్లు తీస్తున్నాను. మొదట్లో క్లయింట్లు ఆల్బమ్ చూసి రేటు అడిగేవారు. అజ్ఞానపు రోజులు. ఇప్పుడు జనం తెలివిమీరారు, ఆల్బమ్ జోలికే పోవడంలేదు. మొన్న ఒక ఇంటికి బేరానికి వెళ్లాను. మూడు కరిజ్మా ఆల్బమ్‌లు భుజాన మోసుకెళ్లి టీపాయ్ మీద పెట్టాను. పెళ్లికూతురి మేనమామగారు వాటిని పక్కకి జరిపి అడిగారు:

"కెమెరా ఏంటి బాబూ?"

"నైకానండి."

ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దం. పెళ్లికొడుక్కి ఇది రెండో పెళ్లని అప్పుడే బయటపడినట్టు అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"కేనన్ అయితే స్కిన్ టోన్ బాగుంటుందంట కదా. మా తోడల్లుడి గారబ్బాయి డల్లాస్ నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు."

డల్లాస్ నుంచి వచ్చిన మాటకి రాజమండ్రిలో అప్పీలు ఉండదు. ఈలోగా అమ్మమ్మగారు కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచక నా ఆల్బమ్ మీద పెట్టారు. నా పనితనానికి ఆ ఇంట్లో దక్కిన ఏకైక ఉపయోగం అదే.

సరే, గోత్రాల సంగతికొద్దాం. కొంచెం లోతుకి వెళితే ఈ వంశవృక్షం మహా ఇబ్బందికరంగా ఉంటుంది. కేనన్ మొదట అమ్మకానికి తెచ్చిన కెమెరా 1936 నాటి హన్సా కేనన్. దానికి బిగించిన లెన్సు ఎవరిదనుకున్నారు? నికోర్. అంటే 1917లో పుట్టిన నిప్పాన్ కొగాకు వారిది, ఇవాళ మనం నైకాన్ అని పిలుచుకునే వంశం. కేనన్‌కి ముందు పెట్టుకున్న పేరేమో 'క్వానన్', బౌద్ధుల కరుణామూర్తి పేరు. ఆ కరుణ ఇప్పుడు బాడీ ధరల్లో కనపడదు, అది వేరే విషయం. ఇక ఈ కాలానికొస్తే నైకాన్ కెమెరాలు చాలావాటిలో బొమ్మని పట్టే సెన్సర్ తయారుచేసేది సోనీ. ఆ సోనీ కూడా 2006లో కొనికా మినోల్టా వారి కెమెరా ఆస్తిని తీసుకుని పెద్ద కెమెరాల వ్యాపారంలోకి వచ్చిన దత్తపుత్రుడు. ఇలా ఒకరి కళ్లు ఒకరికి, ఒకరి ఇల్లు ఇంకొకరికి. శాస్త్రప్రకారం వీళ్లందరూ దగ్గర చుట్టాలు. కానీ మా ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో ఈ మాట అని చూడండి, మీ నంబరు ఆ సాయంత్రానికే తీసేస్తారు.

అసలు స్కిన్ టోన్ గురించి ఒక మాట. ఇప్పటి కల్యాణమండపంలో డెకరేషన్ వాళ్లు ఊదారంగు ఎల్‌ఈడీలు, గులాబీ ఎల్‌ఈడీలు, మధ్యలో ఒక ఆకుపచ్చ లేజరు పెడతారు. ఆ వెలుగులో పెళ్లికూతుర్ని ఏ దేశపు కెమెరాతో తీసినా గుత్తివంకాయే. దానికి నివారణ ఏ మెనూలోనూ లేదు. డెకరేషన్ కుర్రాణ్ణి పక్కకి పిలిచి, టీ ఇప్పించి, "తమ్ముడూ, ముహూర్తం టైములో ఒక్క పది నిమిషాలు ఆ ఊదాలైటు ఆపమ్మా" అని బతిమాలుకోవాలి. ఈ ఫీచరుకి అప్‌డేట్ ఉండదు, దీన్ని ఏ యూట్యూబ్ రివ్యూలోనూ చెప్పరు. ఇక మెగాపిక్సెళ్లు. ఆల్బమ్‌లో 12×18 పేజీ నిండా అచ్చువేయాలన్నా, అంగుళానికి 300 చుక్కల లెక్కన రెండు కోట్ల పిక్సెళ్ల లోపే సరిపోతాయి. క్లయింటు మాత్రం నాలుగున్నర కోట్లవే కావాలని పట్టుబట్టి, తీసిన ఫొటోని వాట్సాప్‌లో పంపించుకుని, దాన్ని మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెడతారు.

హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ అని ఒక మహానుభావుడుండేవాడు. చెక్కపెట్టె కెమెరా, గాజుపలకలు. ఆరో నిజాం ఆయనకి 'ముసవ్విర్ జంగ్' అని బిరుదిచ్చాడు. పాపం నిజాంకి తోడల్లుడి కొడుకు డల్లాస్‌లో లేడు, బొమ్మలు చూసి బిరుదిచ్చేశాడు.

నేను మాత్రం అడ్వాన్సు తీసుకున్నాను కాబట్టి కేనన్ అద్దెకి తెచ్చాను. ఇక్కడ నైకాన్‌వాళ్ల తరఫున ఒక నిజం ఒప్పుకోవాలి. కంపెనీని పట్టుకు వేలాడటంలో అంతా మూర్ఖత్వమే లేదు. లెన్సులు కొన్న అప్పు ఉంటుంది, పైగా చెయ్యి అలవాటు పడి ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే కేనన్ లెన్సు బిగించడానికి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. నైకాన్‌ది దానికి వ్యతిరేకం. ఒకటి సవ్యం, రెండోది అపసవ్యం. తద్దినాలప్పుడు తప్ప అపసవ్యం పనికిరాదని పంతులుగారు అంటారేమోగానీ, పద్దెనిమిదేళ్లుగా నా మణికట్టుకి తెలిసింది అదొక్కటే.

ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 12 నిమిషాలు. జీలకర్ర బెల్లం చేతుల్లోకి వచ్చింది. చిన్న లెన్సు తీసి పెద్దది బిగించబోయాను. తిప్పాను, తిరగలేదు. గట్టిగా తిప్పాను, ఇంకా గట్టిగా తిరగలేదు. "వాయించండి!" అన్నారు పంతులుగారు. మేళం అందుకుంది. తెర దిగింది. నా ముందు ఇరవై ఫోన్లు లేచాయి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఒకరినొకరు చూసుకుంటున్నారు, నేను లెన్సు వెనకభాగాన్ని చూస్తున్నాను.

మా లైట్‌బాయ్ వాడపల్లి కుర్రాడు. వాడి మెడలో నా పాత నైకాన్ డీ7000 ఉంది, 2010 నాటి మోడలు, పదహారు మెగాపిక్సెళ్లు, పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ కూడా కాదు. ఇంటర్ రెండోసారి తప్పిన ఆ నిర్భాగ్యుడికి స్కిన్ టోన్ అంటే ఏంటో తెలీదు. తెలిసిందల్లా తెర ఎటువైపు నుంచి దిగుతుంది, మేనమామగారు ఏ క్షణాన అడ్డంగా లేస్తారు అన్నదే. ముందే ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని పంతులుగారి వెనక స్తంభం పక్కన ఎక్కి నిలబడ్డాడు. మూడు ఫొటోలు తీశాడు. రెండోదాంట్లో అమ్మాయి తలమీద అతని చెయ్యి, చూపు కలిసిన మొదటి క్షణం, కంటికొసన నీటిచుక్క. ఊదారంగు లేదు, ఎందుకంటే డెకరేషన్ వాళ్లకి టీ తెచ్చిచ్చింది కూడా వీడే.

నెలన్నర తర్వాత ఆల్బమ్ ఇవ్వడానికి ఇద్దరం వెళ్లాం. ఈసారి ఎవరూ కాఫీ గ్లాసు దానిమీద పెట్టలేదు. మేనమామగారు పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆ ఫొటో దగ్గర ఆగారు. వేలితో అమ్మాయి బుగ్గని తడిమారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఇంటిల్లిపాదినీ పిలిచారు.

"చూశారా? ఇదీ కేనన్ అంటే! నేను ఆరోజు పట్టుబట్టబట్టి సరిపోయింది. నైకాన్‌లో ఈ తళుకు వస్తుందా? ఏం బాబూ, నువ్వే చెప్పు."

కుర్రాడు నోరు తెరిచాడు. బ్యాలెన్సు ఇంకా నలభై వేలు రావాలి. టీపాయ్ కింద నుంచి వాడి కాలు గట్టిగా తొక్కి, "ఎక్కడొస్తుందండీ" అన్నాను.